.22 రైఫిల్: 50 మీటర్లలోనూ ఆపైనా గ్రూపు విచ్చుకుంటోంది. తూటా మార్చాలా, బ్యారెల్ మార్చాలా?

కృష్ణలంక రైఫిల్ (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. లైసెన్సు ఉన్న .22 (0.22 అంగుళాల బోరు) రైఫిల్‌తో కొన్నేళ్లుగా 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) సాధన చేస్తున్నాను. రైఫిల్ పాతదే అయినా మంచిది. జర్మనీలోని ఉల్మ్ నగరంలో తయారైన ఆన్షుట్జ్, మోడల్ 54 యాక్షన్ (తూటాను బిగించి పేల్చే యంత్రభాగం), అపర్చర్ సైట్లు (చిన్న రంధ్రం గుండా గురిచూసేవి). వాడుతున్నవి 40 గ్రెయిన్ల స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు. ఉదయం ఏడు గంటలకు రేంజిలో పడుకుంటే గ్రూపు (వరుసగా కాల్చిన షాట్లు పడిన గుంపు) పదో వలయాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. పది దాటిన దగ్గర నుంచి విచ్చుకోవడం మొదలవుతుంది. అందులోనూ ఒక తీరు కనిపిస్తోంది: షాట్లు సరిగ్గా అడ్డంగా కాకుండా, ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు ఏటవాలుగా పరుచుకుంటున్నాయి.

ఇటీవల అదే రేంజిలో, బాధ్యుల అనుమతితో, పెద్ద బోరు లేనులో 100 మీటర్ల దగ్గర కూడా కాల్చి చూశాను. ఆకు కదలని వేకువలో కాల్చినా అక్కడ గ్రూపు నిలువుగా సాగింది. వెడల్పు నేను ఆశించినంతే ఉంది. ఎత్తు మాత్రం వెడల్పుకు రెండింతలు దాటింది.

ఒక మిత్రుడు హై వెలాసిటీ తూటాలకు మారమన్నారు. మరొకరు బ్యారెల్ అరిగిపోయి ఉంటుందని, కొత్తది వేయించమని అంటున్నారు. రెండూ ఖర్చుతో కూడినవే, పైగా దిగుమతి అనుమతుల వ్యవహారం కూడా ఉంటుంది. డబ్బు పెట్టేముందు ఏది నిజమైన కారణమో నిర్ధారించుకునే పద్ధతి ఉంటే దయచేసి చెప్పండి.

పటమట కోచ్ (విజయవాడ)

మీరు రెండు వేర్వేరు సమస్యలను ఒకే ప్రశ్నలో అడిగారు. ఏటవాలుగా పరుచుకునే గ్రూపుకూ, నిలువుగా సాగే గ్రూపుకూ కారణం ఒకటి కాదు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇదే: గ్రూపు ఎంత పెద్దదని కొలిచేముందు అది ఏ ఆకారంలో ఉందో చూడండి. అరిగిన బ్యారెల్ గానీ, సరిగ్గా కూర్చోని యాక్షన్ గానీ వేళను బట్టి మారదు. ఉదయం ఏడింటికి మంచిగా ఉన్న బ్యారెల్ పదకొండింటికి పాడైపోదు. కాబట్టి బ్యారెల్ మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. మీ రేంజిలో లక్ష్యాలు ఏ దిక్కున ఉన్నాయో, షాట్లు కుడికి పోయిన సమయంలో గాలి ఎటు నుంచి వీచిందో చెప్పగలరా?

కృష్ణలంక రైఫిల్

మేడం గారూ, లక్ష్యాలు ఉత్తరాన ఉన్నాయి. సూర్యుడు మా వీపు వైపు ఉండేలా కట్టారు. వేసవిలో పొద్దెక్కాక పడమటి గాలి లేస్తుంది, అప్పుడప్పుడూ నిలిచిపోయి తూర్పు నుంచి చిన్న విసురు కూడా వస్తుంది. గాలి జెండాలు లేవు. ఏ షాటుకు ఏ గాలి ఉందో రాసుకోలేదు.

అరండల్‌పేట మాస్టారు (గుంటూరు)

భౌతికశాస్త్రం బోధించేవాడిని, .22 కాల్చేవాడిని కూడా. ఈ రెండు ఆకారాలకూ లెక్క ఉంది కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందు నిలువు సంగతి చూద్దాం. బుల్లెట్ సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుంటే 50 మీటర్లు చేరడానికి 0.16 సెకను పడుతుంది. ఆ కొద్ది కాలంలోనే గురుత్వాకర్షణ దాన్ని బ్యారెల్ రేఖ నుంచి పన్నెండు సెంటీమీటర్లకు పైగా కిందికి దించుతుంది. 100 మీటర్లకు పట్టే కాలం 0.33 సెకను, దిగిపోయే ఎత్తు అర మీటరు దాటుతుంది. ఈ పతనం కాలపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, దూరం రెట్టింపయితే పతనం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఇక ఒకే పెట్టెలోని రెండు తూటాల వేగాల మధ్య సెకనుకు 10 మీటర్ల తేడా ఉందనుకోండి, అంటే 3 శాతం. పతనంలో తేడా 6 శాతం వస్తుంది. 50 మీటర్ల దగ్గర అది 7, 8 మిల్లీమీటర్లు. 100 మీటర్ల దగ్గర 3 సెంటీమీటర్లు. 200 మీటర్ల దగ్గర సుమారు 15 సెంటీమీటర్లు. మీ చేతిలోగానీ రైఫిల్‌లోగానీ ఏ లోపమూ లేకపోయినా ఈ నిలువు సాగుడు తప్పదు. 50 మీటర్ల లక్ష్యంలో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, ఆపై ఒక్కో వలయానికీ వ్యాసం 16 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. అందువల్ల 50 మీటర్ల దగ్గర ఆ లోపం దాదాపు వలయంలోనే దాక్కుంటుంది, 100 మీటర్ల దగ్గర బయటపడుతుంది. మీరు 100 మీటర్ల దగ్గర చూసింది ఇదేనని నా అభిప్రాయం.

వేగంలో ఆ తేడా ఎందుకు వస్తుందంటే, రిమ్‌ఫైర్ (అంచున పిన్ తగిలి పేలే) తూటా నిర్మాణమే అందుకు కారణం. సెంటర్‌ఫైర్ తూటాలో ప్రైమర్ (మందును అంటించే చిన్న పేలుడు గుళిక) విడిగా మధ్యలో ఉంటుంది. మన తూటాలో పేలుడు మిశ్రమాన్ని తడిగా ఇత్తడి కేసు అడుగున వేసి, వేగంగా తిప్పి, అంచు లోపలి బోలు భాగంలోకి చేరుస్తారు. ఆ మిశ్రమం అంచు చుట్టూ సమానంగా చేరకపోతే, ఫైరింగ్ పిన్ తగిలిన చోట తక్కువగా ఉంటే, లోపలి మందు ఒకవైపే అంటుకున్న పొయ్యిలా మండుతుంది. సెంటర్‌ఫైర్ వారిలాగా మనం ఇంట్లో మందు తూచి నింపుకునే వీలు లేదు. 1887లో ఈ తూటా పుట్టిన నాటి నుంచి నేటి వరకు దాని నాణ్యత పూర్తిగా కర్మాగారం చేతిలోనే ఉంది. ఖరీదైన తూటాలో మనం డబ్బు చెల్లించేది వేగానికి కాదు, ఆ వేగం మారకుండా ఉండటానికి.

ఇప్పుడు ఏటవాలు సంగతి. మన బ్యారెళ్ల లోపలి గాడుల మెలిక కుడివైపు తిరుగుతుంది, 16 అంగుళాలకు ఒక చుట్టు. అలా తిరిగే బుల్లెట్‌పై పక్కగాలి వీచినప్పుడు అది పక్కకు మాత్రమే జరగదు. కుడి నుంచి వీచిన గాలి ఎడమకు, కొంచెం పైకి నెడుతుంది. ఎడమ నుంచి వీచిన గాలి కుడికి, కొంచెం కిందికి నెడుతుంది. మీరు ఉత్తరానికి గురిపెడుతున్నారు. పడమటి గాలి మీకు ఎడమ నుంచి వస్తుంది, తూర్పు గాలి కుడి నుంచి. రెండు గాలులూ ఒకే గంటలో మారుతూ వీస్తే గ్రూపు ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకే పరుచుకోవాలి. మీ లక్ష్యపు కాగితం మీ రేంజిలోని గాలిని ఉన్నదున్నట్టు గీసి చూపించింది.

బ్రాడీపేట యాభై (గుంటూరు)

మాస్టారి లెక్కను గౌరవిస్తూనే ఒక సందేహం అడుగుతాను. పతనమూ గాలీ రెండూ కాలం మీద ఆధారపడి ఉంటే, సెకనుకు 380 మీటర్ల వేగంతో పోయే హై వెలాసిటీ తూటా రెండింటికీ పరిష్కారం కావాలి కదా? నేను వాటితో 100 మీటర్ల దగ్గర కాల్చినప్పుడు సైటులో ఎత్తు సర్దుబాటు తక్కువ పట్టింది. కృష్ణలంక మిత్రుడికి ఆ సలహా ఇచ్చినవారు పూర్తిగా తప్పు చెప్పారని నేను అనుకోను.

అరండల్‌పేట మాస్టారు

పతనం విషయంలో మీరు చెప్పింది నిజం. గాలి విషయంలో మాత్రం ఫలితం తలకిందులవుతుంది.

పక్కగాలి బుల్లెట్‌ను ఎంత జరుపుతుందన్నది అది గాలిలో ఉన్న మొత్తం కాలాన్ని బట్టి ఉండదు. గాలి నిరోధమే లేకపోతే పట్టే కాలంతో పోలిస్తే నిజానికి ఎంత ఆలస్యమైందో, ఆ ఆలస్యాన్ని బట్టి ఉంటుంది. స్టాండర్డ్ తూటా 325 మీటర్ల వేగంతో బయలుదేరి 50 మీటర్ల దగ్గర సుమారు 300కు తగ్గుతుంది. ఆలస్యం సెకనులో వెయ్యోవంతులు ఆరు, ఏడు మాత్రమే. కాబట్టి సెకనుకు ఒక మీటరు పక్కగాలి దాన్ని 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ జరుపుతుంది. హై వెలాసిటీ తూటా శబ్దవేగాన్ని మించి బయలుదేరుతుంది. ఆ వేగాల దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి 50 మీటర్ల లోపే అది చాలా వేగాన్ని పోగొట్టుకుంటుంది. ముందుగా చేరినా ఎక్కువ ఆలస్యాన్ని మోసుకుంటూ చేరుతుంది. అదే గాలికి అది 8, 9 మిల్లీమీటర్లు జరుగుతుంది. 100 మీటర్ల దగ్గర రెండింటికీ ఈ జరుగుడు సుమారు మూడు, నాలుగు రెట్లు పెరుగుతుంది.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. శబ్దవేగాన్ని పైనుంచి కిందికి దాటే సమయంలో బుల్లెట్‌పై ఒత్తిడి చెదిరి దాని నిలకడ కొంత దెబ్బతింటుంది. శబ్దవేగం 15 డిగ్రీల దగ్గర సెకనుకు 340 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355 మీటర్లు. ఈ విషయంలో మన ఎండలు మనకు మేలు చేస్తున్నాయి. చలిదేశాల్లో స్టాండర్డ్ తూటా శబ్దవేగానికి మరీ దగ్గరగా బయలుదేరుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దానికీ శబ్దవేగానికీ మధ్య తగినంత ఎడం ఉంటుంది. ఒలింపిక్ స్థాయి తూటాలన్నీ శబ్దవేగానికి లోపలే ఉండటం కాకతాళీయం కాదు.

విల్లు నాన్న (విజయవాడ)

నేను తుపాకీ పట్టినవాడిని కాను. మా అమ్మాయి ఇక్కడే విలువిద్య నేర్చుకుంటోంది కాబట్టి ఈ ఊరి గాలిని కొన్నేళ్లుగా మైదానం అంచున కూర్చుని గమనిస్తున్నాను. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ గారి ఊరు ఇది. ఇక్కడి పిల్లలకు గాలిని చదవడం బాణంతో పాటే అలవాటవుతుంది. మీకు ఉపయోగపడుతుందేమోనని నాకు తెలిసింది చెబుతున్నాను.

వేసవిలో ఇక్కడ గాలి రోజులో మూడు విధాలుగా ఉంటుంది. తెల్లవారుజాము నుంచి ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా మందంగా ఉంటుంది. తర్వాత పడమటి వేడిగాలి విసుర్లు విసుర్లుగా మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. సాయంత్రం బందరు వైపు నుంచి సముద్రపు గాలి వస్తుంది. అది వచ్చాక నిలకడగానే వీస్తుంది. కష్టమైన వేళ ఈ రెండు గాలులూ ఒకదాన్నొకటి తోసుకునే మధ్యకాలం. బలమైన గాలి నిలకడగా ఉంటే సర్దుకోవచ్చు. బలహీనమైన గాలి దిక్కులు మారుతుంటే సర్దుకోవడం కుదరదు. పైగా కొండలకు దగ్గరున్న మైదానాల్లో, ఎత్తయిన మట్టికట్టలున్న చోట్ల గాలి సుడులు తిరుగుతుంది, నిలబడిన చోట జెండా ఒకవైపు, లక్ష్యం దగ్గర జెండా మరోవైపు చూపిస్తాయి. మా పిల్లలు అప్పుడు బాణం వదలరు, ఆగుతారు. మీ క్రీడలో అలా ఆగే వెసులుబాటు ఉందా?

పటమట కోచ్

ఉందండీ, అదే మా క్రీడలో గాలిని గెలిచే ప్రధాన మార్గం. అర్హత పోటీలో మొత్తం షాట్లకు కలిపి సమయం ఇస్తారు, ఒక్కొక్క షాటుకు ఇవ్వరు. కాబట్టి షూటరు తనకు బాగా కనిపించే ఒక గాలిని ఎంచుకుని, దానికి సైటు సర్దుకుని, ఆ గాలి తిరిగి వచ్చినప్పుడే ట్రిగ్గరు నొక్కాలి. జెండా చలనం మారితే రైఫిల్ దించి ఊపిరి తీసుకోవాలి. గాలి కొత్త దిక్కులో స్థిరపడిందని నమ్మకం కలిగితే అప్పుడు సైటు క్లిక్కులు మార్చి, తిరిగి కాల్చాలి.

కృష్ణలంక మిత్రమా, మీరు కొత్త బ్యారెల్‌కు పెట్టదలచిన డబ్బులో వందో వంతు కూడా కాని ఖర్చుతో చేయగలిగిన పని ఒకటుంది. రంగు రిబ్బను ముక్కలను సన్నని కడ్డీలకు కట్టి, బాధ్యుల అనుమతితో, మీకూ లక్ష్యానికీ మధ్య 10 మీటర్ల దగ్గర ఒకటి, 30 మీటర్ల దగ్గర ఒకటి నాటండి. దగ్గరి జెండాకు ఎక్కువ విలువ ఇవ్వండి. మొదట్లో పక్కకు తిరిగిన బుల్లెట్ మిగిలిన దూరమంతా ఆ తప్పుదారిలోనే పోతుంది.

మన రాష్ట్రంలో యువ షూటర్లు చాలామంది గదిలోపలి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి అక్కడే ఉండిపోతున్నారు. నిర్ణీత శక్తి లోపలి ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, గాలి బాధ లేదు, ఖర్చు తక్కువ. ఆ కారణాలన్నీ నాకు అర్థమవుతాయి. అయినా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలిపై, పడుకుని, నిలబడి కాల్చే విభాగంలో) 451.4 పాయింట్లతో కాంస్యం తెచ్చినప్పుడు, ఆ విభాగంలో భారతదేశానికి అదే తొలి ఒలింపిక్ పతకమని విన్నప్పుడు, మన జిల్లాల నుంచి ఆ దూరానికి ఎవరు సిద్ధమవుతున్నారన్న ఆలోచన నన్ను వదలలేదు. అంతకుముందు హాంగ్‌ఝౌలో సిఫ్త్ కౌర్ సమ్రా మహిళల ఇదే విభాగంలో 469.6తో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచింది. ప్రోన్ ఒంటరి విభాగం 2016 రియోతో ఒలింపిక్స్ నుంచి తొలగిపోయినా, జాతీయ పోటీల్లో ఉంది. త్రీ పొజిషన్స్‌లో మూడో వంతు ప్రోనే. కాబట్టి ఈ చర్చ ఒక్కరి రైఫిల్‌కు సంబంధించినది కాదని నా నమ్మకం.

ఎన్‌సీసీ పాతకాపు (గుంటూరు)

సైన్యంలో పనిచేసి, తర్వాత కళాశాల కేడెట్లకు .22 ఫైరింగు నేర్పినవాడిని. మాస్టారి లెక్కలు, కోచ్ గారి మాటలు చదివాను, సంతోషం. ఒక్క విషయం మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు: గాలినీ తూటానూ అనుమానించేముందు మనిషిని పరీక్షించాలి.

మొదటిది, రైఫిల్ వాలు. రైఫిల్‌ను ఒక డిగ్రీ పక్కకు వంచి పట్టుకుంటే 50 మీటర్ల దగ్గర బుల్లెట్ సుమారు 2 మిల్లీమీటర్లు, 100 మీటర్ల దగ్గర 9 మిల్లీమీటర్లు వంచిన వైపు పడుతుంది. అలసిపోయిన భుజం తనకు తెలియకుండానే రైఫిల్‌ను వంచుతుంది. ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకుంటే నష్టం లేదు. షాటు షాటుకూ మారితేనే నష్టం. ముందు సైటులో నీటిమట్టపు బుడగ పెట్టుకుంటే ఆ సంగతి తేలిపోతుంది.

రెండోది, ట్రిగ్గరు నొక్కిన తర్వాతి నిశ్చలత. ఈ బుల్లెట్ నెమ్మది. ఫైరింగ్ పిన్ తగిలాక అది బ్యారెల్ దాటడానికి సెకనులో వెయ్యోవంతులు రెండు మూడు పడుతుంది. పెద్ద బోరు రైఫిల్ కాల్చేవాడికి మన్నింపు దొరికే చోట .22 కాల్చేవాడికి దొరకదు. షాటు పడిందో లేదో చూడటానికి తల ఎత్తే అలవాటున్న కేడెట్ల గ్రూపులు నిలువుగా సాగడం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి నిలువుగా సాగితే తూటాయే కారణమని అప్పుడే తీర్మానించవద్దు, బాబూ. ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, మనిషి ప్రమేయం వీలైనంత తగ్గించి అదే 100 మీటర్ల దగ్గర కాల్చు. అప్పుడూ నిలువుగానే సాగితే మాస్టారు చెప్పింది నిజం. గుండ్రంగా ముడుచుకుంటే నేను చెప్పింది నిజం.

అరండల్‌పేట మాస్టారు

పాతకాపు గారి పరీక్ష ఎంతో సముచితమైనది. దీన్ని నేను ముందే చెప్పి ఉండవలసిందని కాదు గానీ, ఆయన చెప్పిన క్రమమే సరైన క్రమమని ఒప్పుకుంటున్నాను. బ్యారెల్ కంపనం కూడా ఇందులో పాలుపంచుకుంటుందని ఒక మాట చేరుస్తాను. కాల్పు సమయంలో బ్యారెల్ మూతి సన్నగా పైకీ కిందికీ ఊగుతుంది. నెమ్మది బుల్లెట్ కాస్త ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి, మూతి పైకి లేస్తున్న క్షణంలో అది బయటపడితే, దాని అదనపు పతనం కొంత సరిపడిపోతుంది. మూతి దగ్గర బరువును ముందుకూ వెనక్కూ జరిపి ఆ క్షణాన్ని కుదుర్చుకునే అమరికలు కొందరు వాడుతున్నారు. అయితే ఒక దూరానికి కుదిర్చినది మరొక దూరానికి అంతగా కుదరదు, ఆ ప్రయోగమే బోలెడన్ని తూటాలను మింగుతుంది.

కృష్ణలంక రైఫిల్

అందరికీ కృతజ్ఞతలు. ఇసుక సంచుల పరీక్ష, జెండాలు రెండూ చేస్తాను. తూటాయే కారణమని తేలితే తర్వాత ఏం చేయాలి? ఒకే బ్రాండులో లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మారిస్తే తేడా వస్తుందని చెబుతున్నారు. మన దేశంలో రకరకాల లాట్లు తెప్పించి పరీక్షించడం సామాన్యులకు సాధ్యమా?

పటమట కోచ్

తేడా తప్పకుండా వస్తుంది, అదీ బ్యారెల్‌ను బట్టి వస్తుంది. ఒక రైఫిల్‌లో అద్భుతంగా పడిన లాట్ పక్క రైఫిల్‌లో సాధారణంగా పడటం మామూలే. అందుకే బ్రిటన్‌లో ఎలీ, జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా తమ పరీక్షా కేంద్రాల్లో షూటరు తెచ్చిన రైఫిల్‌ను బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి, ఆ బ్యారెల్‌కు నప్పిన దాన్నే అమ్ముతాయి. మనకు ఆ సౌకర్యం అందుబాటులో లేదు. దిగుమతి కోటా, లైసెన్సు మీద ఉన్న తూటాల పరిమితి రెండూ అడ్డుపడతాయి. ఆచరణలో సాధ్యమైనది ఏమిటంటే, క్లబ్బు తరఫున నిబంధనల ప్రకారం తెప్పించిన లాట్లను సభ్యులు రేంజిలోనే తలా కొంచెం కాల్చి చూసి, ఎవరి బ్యారెల్‌కు ఏది నప్పిందో నమోదు చేసుకోవడం. నప్పిన లాట్ దొరికితే సీజను మొత్తానికి సరిపడా అదే కేటాయించమని అడగాలి. పెట్టె మీద బ్రాండు పేరు చదివి, లాట్ సంఖ్య చదవకుండా పారేసే అలవాటు మన షూటర్లు మానుకోవాలి.

లాట్లు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ బుల్లెట్లకు పైన మైనం పూత ఉంటుంది. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క రకం. రకం మార్చగానే కాల్చిన మొదటి షాట్లను లెక్కలోకి తీసుకోకూడదు, బ్యారెల్ లోపల కొత్త పూత కుదురుకునే దాకా గ్రూపు తిరుగుతూనే ఉంటుంది. బ్యారెల్ శుభ్రం చేసిన తర్వాతా ఇదే జరుగుతుంది. శుభ్రం చేయడమే మానేసినా ప్రమాదమే. ఛాంబరు (తూటా కూర్చునే చోటు) ముందు సీసం, మసి పేరుకుని గట్టిపడతాయి.

మన ఎండలకు సంబంధించి ఇంకొకటి. తూటా పెట్టెను మధ్యాహ్నం మూసిన కారులో వదిలేస్తే ఆ మైనం మెత్తబడుతుంది, తర్వాత దానికి దుమ్ము అంటుతుంది, ఆ దుమ్ము బ్యారెల్‌లోకి పోతుంది. తూటా వేడెక్కితే వేగం కూడా కొంత మారుతుంది. నీడలో, మూత ఉన్న డబ్బాలో ఉంచండి. కాల్చే తూటాలను ఎండ పడే చాప మీద పరచవద్దు. ఛాంబరు వేడిగా ఉన్నప్పుడు తూటాను అందులో పెట్టి గాలి కోసం నిమిషాల తరబడి వేచి ఉండవద్దు. గాలి కుదిరాకే తూటా పెట్టండి.

బ్రాడీపేట యాభై

అంచు మందాన్ని కొలిచి తూటాలను వేరుచేసే గేజి ఒకటి నా దగ్గర ఉంది. లాట్ దొరకనివారికి అది ప్రత్యామ్నాయం అవుతుందా? సాధారణ శిక్షణ తూటాల్లో నాకు తేడా కనిపించింది.

పటమట కోచ్

సాధారణ తూటాల్లో మరీ చెడ్డవాటిని ఏరివేయడానికి ఉపయోగపడవచ్చు. పోటీ తూటాల్లో ఆ అంచులు ముందే చాలా సమానంగా ఉంటాయి, అంచు మందం లోపలి మిశ్రమం సంగతి చెప్పదు. ఆ కొలిచే సమయాన్ని పొడి సాధనకు, అంటే తూటా లేకుండా ట్రిగ్గరు నొక్కే అభ్యాసానికి, వాడుకోమని నా సలహా.

అరండల్‌పేట మాస్టారు

లాట్ పరీక్షలో చాలామందిని మోసం చేసేది ఐదు షాట్ల గ్రూపు. ఒకే రైఫిల్, ఒకే తూటాతో కాల్చిన రెండు ఐదు షాట్ల గ్రూపుల్లో ఒకటి మరొకదానికి రెట్టింపు ఉండటం కేవలం యాదృచ్ఛికంగా జరగవచ్చు. అందులో చిన్నదాన్ని ఫొటో తీసి పెట్టుకుని ఆ లాట్ గొప్పదని తీర్మానిస్తే మనల్ని మనమే తప్పుదారి పట్టించుకున్నట్లవుతుంది. పది షాట్ల గ్రూపులు కొన్నింటిని కాల్చి, అంచు నుంచి అంచుకు కొలిచే బదులు ప్రతి షాటూ గ్రూపు కేంద్రం నుంచి ఎంత ఎత్తులో, ఎంత పక్కన పడిందో విడివిడిగా రాసుకోండి. నిలువు కొలతలు లాట్ సంగతి చెబుతాయి. అడ్డ కొలతలు ఆనాటి గాలి సంగతి చెబుతాయి. రెండింటినీ కలిపి ఒకే అంకెగా చేస్తే రెండు విషయాలూ పోతాయి. లాట్లను ఒకదాని తర్వాత ఒకటిగా వరుసగా పూర్తిచేయడం కన్నా మార్చి మార్చి కాల్చడం లెక్క ప్రకారం మంచిదే గానీ, మేడం గారు చెప్పిన మైనం పూత కారణంగా ఇక్కడ అది కుదరదు. కాబట్టి ఒక్కో ఉదయం ఒక్కో లాట్, వేళ మాత్రం ఒకటే ఉండేలా చూసుకోండి.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. రెండు మాటలు గుర్తు చేస్తున్నాం. తూటాల కొనుగోలు, అమ్మకం, బదిలీ గురించి ఈ వేదికపై సందేశాలు పెట్టవద్దు. 1959 ఆయుధ చట్టం, 2016 నియమాల ప్రకారం అవి లైసెన్సు ద్వారా మాత్రమే జరగాలి. అలాగే 100 మీటర్లని చదివి ఎవరూ పొలాల్లోనో, కరకట్ట వెంటనో ప్రయత్నించవద్దు. ఈ చిన్న బుల్లెట్ కిలోమీటరున్నర దూరం పోగలదు, నీటి మీద, గట్టి నేల మీద పడి ఎగసి దిశ మార్చుకుంటుంది. వెనుక మట్టికట్ట ఉన్న అనుమతి పొందిన రేంజిలో, బాధ్యుల పర్యవేక్షణలోనే కాల్చాలి.

కృష్ణలంక రైఫిల్

చెప్పిన పరీక్షలు చేశాను. ఫలితాలు రాస్తున్నాను.

ఇసుక సంచుల మీద ఆనించి 100 మీటర్ల దగ్గర కాల్చినప్పుడు గ్రూపు కొంత ముడుచుకుంది, కానీ నిలువుగానే ఉంది. పాతకాపు గారూ, మీరు అన్నదాంట్లోనూ నిజం ఉంది, మాస్టారు అన్నదాంట్లోనూ ఉంది: సాగుడులో కొంత భాగం నా భుజానిది, ఎక్కువ భాగం తూటాది. క్లబ్బులో అదే బ్రాండువే వేరే లాట్ తూటాలు ఉంటే రేంజిలో కాల్చి చూశాను. మైనం కుదిరే దాకా వేచి, తర్వాతి షాట్లను మాత్రమే కొలిచాను. నిలువు కొలతలు స్పష్టంగా తగ్గాయి. అడ్డ కొలతల్లో తేడా లేదు. తూటా పేరు ఒకటే, ధర ఒకటే, పెట్టె మీది లాట్ సంఖ్య మాత్రమే వేరు.

జెండాలు నాటాక పొద్దెక్కిన తర్వాత 50 మీటర్ల దగ్గర ఏటవాలు గ్రూపు ఎలా తయారవుతోందో కళ్లారా చూశాను. పడమటి గాలి ఉన్నప్పటి షాట్లన్నీ కుడి కిందిమూలలో, అది ఆగిపోయినప్పటివి మధ్యలో, తూర్పు విసురుకు వెళ్లినవి ఎడమ పైమూలలో ఉన్నాయి. పడమటి గాలినే నా గాలిగా ఎంచుకుని, సైటు దానికి సర్దుకుని, మిగతా వేళల్లో ఆగితే ఏటవాలు చాలావరకు పోయింది. కొత్త బ్యారెల్ ఆలోచన విరమించుకున్నాను.

ఇంకొక ప్రశ్న మిగిలింది. పదకొండు దాటాక లక్ష్యపు నలుపు అపర్చర్‌లో అలలు అలలుగా ఊగుతోంది. జెండాలు నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా షాట్లు కొద్దిగా పైన పడుతున్నాయి. దీన్ని కూడా గాలి కింద లెక్కించాలా?

పటమట కోచ్

అది వేడి నేల నుంచి లేచే గాలి పొరల వల్ల కనిపించే చలనం. బుల్లెట్ అక్కడ మారదు, మీరు చూస్తున్న బొమ్మ మారుతుంది. గాలి లేనప్పుడు అలలు నిలువుగా లేస్తాయి, అప్పుడు నలుపు ఉన్నచోటి కన్నా పైన కనిపిస్తుంది, మీరు ఆ కనిపించే చోటికి గురిపెడతారు, కాబట్టి షాటు పైన పడుతుంది. అలలు పక్కకు పారుతుంటే బొమ్మ కూడా అటే జరుగుతుంది. స్పాటింగ్ స్కోపును లక్ష్యం మీద కాకుండా కాస్త ముందుకు ఫోకస్ చేస్తే ఆ అలల పారుదల స్పష్టంగా కనిపిస్తుంది. జెండా కదల్లేనంత మంద గాలిని కూడా అది చూపిస్తుంది. అలలు నిలువుగా లేస్తున్నప్పుడు నేను మా పిల్లలను కాల్చనివ్వను, ఎందుకంటే ఆ స్థితి తర్వాత గాలి ఎటైనా తిరగవచ్చు. మెల్లగా ఒకవైపు పారే వేళను ఎంచుకోండి. కాల్చే చోటికీ లక్ష్యానికీ మధ్య నేలను ఉదయమే నీటితో తడపడానికి మీ రేంజి బాధ్యులు ఒప్పుకుంటే ఒక గంటసేపైనా ఉపశమనం ఉంటుంది. లాట్ పరీక్షలను మాత్రం ఎనిమిదిలోపే ముగించండి.

ఎన్‌సీసీ పాతకాపు

బాగుంది బాబూ. భుజానిదని తేలిన భాగం సంగతి మరిచిపోవద్దు. స్లింగు (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ) బిగింపు ఒక రంధ్రం మార్చి, ఎడమ మోచేయి రైఫిల్ కిందికి ఇంకొంచెం తెచ్చుకుని, తూటా లేకుండా రోజూ కొంతసేపు ట్రిగ్గరు నొక్కి, నొక్కాక రెండు లెక్కలు ఆగడం అలవాటు చేసుకో. తర్వాత మళ్లీ 100 మీటర్ల దగ్గర సంచులతో ఒకసారి, స్లింగుతో ఒకసారి కాల్చి, రెండింటి నిలువు కొలతలూ ఇక్కడ రాయి.